రాత్రిపూట నెట్‌లో తిరుగుతుంటే మా అత్తగారి లేసు కనబడింది, మీకేం దొరికాయో చెప్పండి

లేసుదారం
శనివారం, రాత్రి 11:52

నిద్రపట్టక ఫోన్ తీశాను. టీపాయ్ మీద పరిచే గుడ్డ కొందామని మొదలుపెట్టి, ఒకదాని మీంచి ఒకటి నొక్కుకుంటూ పోతే గంటన్నర తర్వాత యాంటిక్ పాటర్న్ లైబ్రరీ అనే సైట్లో తేలాను. ఎప్పటివో పాత కుట్టుపని, అల్లికపని పుస్తకాలు ఎవరో ఓపిగ్గా స్కాన్ చేసి ఉచితంగా పెట్టారు. ఒక పుస్తకంలో పేజీ తిప్పగానే గుండ్రటి లేసు ముక్క. మధ్యలో ఎనిమిది రేకుల పువ్వు, చుట్టూ గళ్లు, అంచున చిన్న చిన్న ముళ్లు. మా ఇంట్లో టీవీ కింద పదిహేనేళ్లుగా ఉన్నది అచ్చం అదే!

మా అత్తగారిది నరసాపురం దగ్గర పల్లె. ఎనిమిదో ఏట సూది పట్టారు. మోకాళ్లు అరిగిపోయాక పోయినేడు మా దగ్గరికి, హైదరాబాద్ వచ్చేశారు. పొద్దున్నే ఫోన్ చూపిస్తే కళ్లజోడు పైకి తోసుకుని, ఇంకా దగ్గరికి లాక్కుని చూసి, "మా పనే ఇది. కానీ అతుకు పని ఎవరిదో గానీ శుభ్రంగా లేదు" అన్నారు. అంతే, మళ్లీ కందిపప్పు ఏరుకోవడంలో పడ్డారు.

నాకు మాత్రం అప్పట్నుంచి పిచ్చి పట్టింది. "నర్సాపూర్ లేస్" అని కొడితే అమ్మేవాళ్లు తప్ప ఇంకేం రావట్లేదు. అసలు పని చూపించేవి, నమూనాలు ఉండేవి ఎలా పట్టుకోవాలి? మీకూ ఇలా అనుకోకుండా తగిలిన సైట్లుంటే రాయండి.

గోదారిగట్టు
ఆదివారం, ఉదయం 6:10

అమ్మాయీ, మీ అత్తగారి మాట నిజమే గానీ కొంచెం తిరగేసి చదువుకోవాలి. ఆ పని మన డెల్టాకి 19వ శతాబ్దంలో క్రైస్తవ మిషనరీలతో వచ్చింది. దొరసానులు నేర్పారు, మనాళ్లు పట్టుకున్నారు. కాబట్టి పుస్తకంలో ఉన్నది మీ అత్తగారి పని కాదు, మీ అత్తగారి దగ్గరున్నదే ఆ పుస్తకం పని. అయితే వాళ్ల ఊళ్లలో చాలాచోట్ల ఆ అలవాటు పోయింది, మనకి ఉండిపోయింది. నరసాపురం లేసుకి 2024లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది.

ఈ మాట ఆవిడకి చెప్పకండి, కాఫీ ఇవ్వరు.

డల్లాస్_శారద
ఆదివారం, ఉదయం 8:33

లేసుదారం గారూ, మీరు ఊరి పేరుతో వెతుకుతున్నారు. అక్కడే చిక్కు. ఆ పనికి ప్రపంచం పెట్టుకున్న పేరుతో వెతకాలి. గుండ్రటి ముక్కని "డాయిలీ" అంటారు. కొక్కెం సూదితో అల్లే పనంతా "క్రోషే". అందులో గళ్లు గళ్లుగా, కొన్ని నింపి కొన్ని ఖాళీగా వదిలి బొమ్మ తెప్పించేది "ఫిలే క్రోషే". విడివిడిగా పువ్వులూ ఆకులూ అల్లి తర్వాత జాలీతో కలిపేది "ఐరిష్ క్రోషే". ఐర్లండ్‌లో 1840లలో బంగాళాదుంప పంట పోయి కరువొచ్చినప్పుడు ఆడవాళ్లు ఇల్లు గడుపుకోవడానికి పట్టుకున్న పని అది. ఈ మూడు మాటలూ కొట్టి చూడండి, మీ ఇంట్లో ఉన్నవన్నీ వరసగా వస్తాయి.

రావెల్రీ అని అల్లిక నమూనాల సైటు ఒకటుంది, 2007లో ఒక భార్యాభర్తలు మొదలుపెట్టారు. లాగిన్ అవ్వాలి గానీ ఉచితమే. దారం లావు, సూది నంబరు, బొమ్మ ఉందా లేదా అన్నీ ఎంచుకుని వెతకొచ్చు. నేను ఇక్కడికొచ్చిన కొత్తలో చలికాలం మూడు నెలలు దాని పుణ్యమాని గడిచాయి. అలాగే పాత పుస్తకాలు ఉచితంగా పెట్టే ప్రాజెక్ట్ గుటెన్‌బర్గ్‌ సైట్లో తెరేజ్ ద దిల్మాఁ అనే ఆవిడ 1886లో వేసిన సూదిపని విజ్ఞానసర్వస్వం ఉంది. మడత కుట్టు నుంచి లేసు దాకా అన్నీ బొమ్మలతో.

పెడన_అద్దకం
ఆదివారం, మధ్యాహ్నం 2:47

శారదక్క చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. మాది పెడన. నాలుగేళ్ల క్రితం ఒక రోజు కరెంటు లేదు, అచ్చులు కొట్టే పని ఆగింది, ఫోన్లో "కలంకారీ" అని కొట్టా. అమ్మే చీరలు, చుడీదార్లు, దిండు గలీబులు. సగం ఎక్కడో మిల్లులో రంగు గుద్దినవి. విసుగొచ్చింది.

తర్వాత ఇక్కడికి సరుకు చూడ్డానికొచ్చిన ఒకాయన "చింట్జ్ అని కొట్టు, పాలంపోర్ అని కొట్టు" అన్నాడు. కొట్టా. లండన్‌లో విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియం, న్యూయార్క్‌లో మెట్రోపాలిటన్ మ్యూజియం, రెండిట్లోనూ దండిగా ఉన్నాయి. కింద చిన్న అక్షరాల్లో "కోరమండల్ తీరం" అని రాసుంటుంది. అంటే మనమే కదండీ! చింట్జ్ అంటే మన పువ్వుల అద్దకం గుడ్డకి వాళ్లు పెట్టుకున్న పేరు. పాలంపోర్ అంటే పలంగ్‌పోష్, మంచం మీద కప్పే దుప్పటి. మధ్యలో పెద్ద చెట్టు, ఒక్కో కొమ్మకి ఒక్కో జాతి పువ్వు, కింద గుట్ట.

మెట్ వాళ్లు 2017 ఫిబ్రవరిలో మూడు లక్షల డెబ్బై అయిదు వేల ఫొటోలు ఎవరైనా దేనికైనా వాడుకోండని వదిలేశారు. లండన్ వాళ్లవి వ్యాపారానికి వాడాలంటే అనుమతి కావాలి, అది చూసుకోవాలి.

ఫొటోని పెద్దది చేసుకుంటూ పోతే గుడ్డ పోగు కనపడింది. నల్ల గీత చూశా. కసిం గీత అది, బెల్లం నీళ్లలో ఇనప ముక్కలు నానేసి పులియబెట్టేది. ఒకచోట ఆ గీత ఉన్న మేరకే గుడ్డ తినేసింది, గీత పోయి గీత ఆకారంలో కన్నం మిగిలింది. మా నాన్నకి చూపించా. "కసిం ఘాటెక్కువైంది. పులుపు చూడకుండా వేశాడు ఎవడో" అన్నాడు. రెండొందల యాభై ఏళ్ల క్రితం పనివాడిని మా నాన్న నిన్న పనిలో చేరిన కుర్రాణ్ని తిట్టినట్టు తిట్టాడు.

ఇంకోటి. మా ఇంట్లో ఎవరూ "కలంకారీ" అనరు. అద్దకం అంటాం. ఆ మాటతో కొడితే ఒక్కటీ రాదు.

చుక్కలముగ్గు
ఆదివారం, సాయంత్రం 5:20

అన్నా, నాదీ అదే కథ. నేను చెన్నైలో కోడు రాసుకునేవాణ్ని. మా అమ్మ నోటుబుక్కులో ముగ్గులన్నీ ఫొటోలు తీసి దాద్దామని, "ముగ్గు" అని వెతికితే సంక్రాంతి వీడియోలు. "కోలం" అని తమిళ పేరు కొడితే లెక్కల పరిశోధనలు! 1970లలో మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో గిఫ్ట్ శిరోమణి, రాణి శిరోమణి, వాళ్ల బృందం ముగ్గులకి వ్యాకరణం రాశారు. వాక్యానికి వ్యాకరణం ఉన్నట్టు ముగ్గుకి. ఈ ముక్క పక్కన ఆ ముక్కే రావాలి, ఇలా తిప్పాలి అని సూత్రాలిస్తే కంప్యూటర్ దానంతటదే మెలికల ముగ్గు పెంచుకుంటూ పోతుంది.

దాన్ని పట్టుకుని బ్రౌజర్లో నడిచే చిన్న ప్రోగ్రాం చేశాను. మా అమ్మ వచ్చి "15 చుక్కలు, సందు చుక్క 8 దాకా పెట్టు" అంది. పెట్టాను. గీసింది. బానే వచ్చింది గానీ రెండు చోట్ల చుట్టు మూసుకోకుండా మిగిలింది. "మెలిక విడిపోయింది, వాకిట్లో ఇది వేస్తే మీ నాయనమ్మ చెరిపించేది" అంది. బగ్ దొరకడానికి నాకు రెండు వారాలు పట్టింది.

నిలదీత
ఆదివారం, రాత్రి 9:05

బాగున్నాయండీ ముచ్చట్లు. ఒక్కటడుగుతా. ఈ సైట్లన్నీ చూశాక లేసు అల్లే ఆవిడకి ఒక్క రూపాయి కూలి పెరిగిందా? మా అమ్మా అల్లేది. మధ్యవర్తి వారానికోసారి వచ్చి కండెలిచ్చి ముక్కలు పట్టుకెళ్లేవాడు, ఒక్క గొలుసు తప్పినా కూలి కోసేవాడు. కళ్లు పోయాయి గానీ ఇల్లు కట్టలేదు. మరియా మీస్ అనే జర్మన్ ఆవిడ నరసాపురం లేసు ఆడవాళ్ల మీద 1982లోనే పుస్తకం రాసింది. రోజుకి ఆరేడు గంటలు పనిచేసే మనిషిని "గృహిణి, తీరిక వేళ అల్లుకుంటుంది" అని లెక్క రాసి ఎలా తక్కువకి పని చేయించుకున్నారో చెప్పింది. మీరేమో ఆ ముక్కల్ని తెరమీద చూసి ఆహా అంటున్నారు.

పైగా మన నమూనాలు నెట్‌లో పెడితే యంత్రం వాడు ఎత్తుకుపోడా?

గోదారిగట్టు
ఆదివారం, రాత్రి 9:41

కూలి సంగతిలో నీతో తగువు లేదు నాయనా. నమూనాల సంగతికొస్తే, ఎత్తుకుపోవడానికి నెట్ అక్కర్లేదు. 1742లో గాస్టన్ కూర్దూ అనే ఫ్రెంచి పాద్రి మన తీరంలో అద్దకం పనివాళ్లని అడిగి అడిగి, కరక్కాయ ఎంత, గేదెపాలు ఎంత, పటిక ఎప్పుడు, ఎరుపు రంగిచ్చే చిరివేరు ఎలా మరిగించాలి, అన్నీ ఉత్తరంగా రాసి పంపాడు. అప్పటికి ఫ్రాన్సులో మన గుడ్డల మీద 1686 నుంచి నిషేధం, వాళ్ల నేతగాళ్ల నోట మట్టి కొడుతున్నాయని. 1759లో నిషేధం ఎత్తేశారు, తర్వాత వాళ్లే అచ్చు గుద్దుకున్నారు.

ఇదే పాద్రి తెలుగుకీ సంస్కృతానికీ ఫ్రెంచికీ కలిపి నిఘంటువు కూడా రాశాడు. దొంగ అనాలా పండితుడనాలా అని నాకు ముప్పై ఏళ్లుగా తేలలేదు.

పెడన_అద్దకం
ఆదివారం, రాత్రి 10:15

మాష్టారూ, ఆ ఉత్తరం అనువాదం నేనూ చదివా. చూసి మా నాన్న పటికా కరక్కాయా కొలతలు తూచి ఒక జానెడు గుడ్డ వేశాడు. ఎరుపు మా ఎరుపు కంటే నిలకడగా వచ్చింది, అబద్ధమెందుకు. వాళ్లు రాసుకుపోకపోతే మాకు ఆ కొలత మిగిలేది కాదు. మా తాత నాన్నకి చెప్పినంతే నాన్నకి తెలుసు.

నిలదీత అన్నా, నీ కోపం నాకు అర్థమవుద్ది. కానీ నాకు ఒక పని జరిగింది. పాత దుప్పటి అంచుల్లో ఒక తీగ చూసి టేకు చెక్క మీద అచ్చు చెక్కించా. కొనడానికొచ్చినాయన "ఇది కొత్త డిజైనా?" అన్నాడు. "పాతది, మీ ఊళ్లో మ్యూజియంలో ఉంది, చూసుకో" అని లింకు పంపా. బేరమాడలేదు. ఒక్కసారే అనుకో.

సైకిల్‌ట్యూబు
సోమవారం, ఉదయం 7:02

నమస్తే అందరికి. నేను పాలమూరు దిక్కు సర్కారు బళ్లె సారును. మీరు చెప్పేటియి పెద్ద పెద్ద కళలు, నాదైతే చెత్త కళ. నిజంగనే చెత్త. అరవింద్ గుప్తా టాయ్స్ అని సైటు ఉన్నది. ఆయన ఐఐటీ కాన్పూర్‌ల చదివి, 1978ల మధ్యప్రదేశ్‌ల హోషంగాబాద్ పల్లెబడులల్ల సైన్సు చెప్పనీకి పోయి, అగ్గిపుల్లలు, సైకిల్ వాల్వు ట్యూబు ముక్కలు కలిపి పిలగాండ్లకు జామెట్రీ నేర్పిండు. 2018ల పద్మశ్రీ ఇచ్చిన్రు. సైట్ల వందల బొమ్మలు, ఫొటోలు, వీడియోలు. పుస్తకాలు కూడ పైసలు లేకుండ దించుకోవచ్చు.

నేను దాన్ని ఎట్ల జూసిన్నంటే, మా బిడ్డకు రాఖీ చేసేది వెతుకంగ తగిలింది. మా ఆరో తరగతోళ్లతోని త్రికోణం, చతురస్రం చేయించిన. త్రికోణం ఎంత నొక్కినా కదలది, చతురస్రం వంగిపోతది. ఒకడు లేచి "సార్, మా ఇంటి రేకుల కప్పు కింద గందుకే త్రికోణాలు పెట్టిన్రా?" అన్నడు. ఆ ఒక్క మాటకు నా ఇరవై ఏండ్ల నౌకరి సార్థకం అనిపిచ్చింది.

ఒక్కటే కష్టం. గిప్పుడు సైకిళ్లకు ఆ సన్న వాల్వు ట్యూబు వస్తలేదు. ఎవలకన్న ఎక్కడ దొరుకుతదో తెలిస్తె చెప్పున్రి.

తెల్లపొణికి
సోమవారం, ఉదయం 9:18

సారూ, హైదరాబాద్ కోఠిలో పాత సైకిల్ సామాన్ల షాపుల్లో అడగండి, మీటర్ల లెక్కన ఇస్తారు, పోయినేడు నేను తెచ్చాను.

చేతిపనుల మీద ఐఐటీ బొంబాయి వాళ్ల డి-సోర్స్ కూడా చూడండి. కొండపల్లి బొమ్మకి పొణికి చెక్క కోయడం నుంచి, ఏటికొప్పాకలో అంకుడు కర్రని తరిణి పట్టి (లేత్ మీద తిప్పి) లక్క పూయడం దాకా వరసగా ఫొటోలు. అమ్మే సైట్ కాదు, అందుకే ప్రశాంతంగా ఉంటుంది.

లేసుదారం
మంగళవారం, రాత్రి 10:30

శారద గారూ, మునిగిపోయానండీ. మీరు చెప్పినట్టు వెతికి ఒక మంచి నమూనా పట్టాను. ఇంగ్లీషులో వరస వరసకీ రాసి ఉంది. నేను చదవడం, అత్తయ్య అల్లడం. "డబల్ క్రోషే" అని ఉన్నచోటల్లా దారం ఒకసారి చుట్టి అల్లే కుట్టు చెప్పాను, నేను ఒక వీడియోలో అలాగే చూశాను మరి. ఐదు వరసలయ్యాక పళ్లెంలా ఉండాల్సింది గిన్నెలా పైకి లేచింది! అత్తయ్య సూది కింద పెట్టి, "నీకు చదవడం వచ్చా?" అన్నారు. ఎమ్మే చదివానండీ నేను.

డల్లాస్_శారద
మంగళవారం, రాత్రి 11:06

అయ్యో! అది బ్రిటిష్ నమూనా అయ్యుంటుంది. అమెరికా వాళ్లు సింగిల్ అనేదాన్ని బ్రిటన్ వాళ్లు డబల్ అంటారు, అమెరికా డబల్ వాళ్లకి ట్రెబుల్. ఒకే కుట్టు, రెండు పేర్లు. ఎక్కడైనా "సింగిల్ క్రోషే" అని కనబడితే అది అమెరికాది, ఇప్పటి బ్రిటన్ వాళ్ల రాతలో ఆ మాట మామూలుగా ఉండదు. నేనూ ఇలాగే ఒక టోపీ మా అబ్బాయి తలకి కాక కొబ్బరికాయకి సరిపోయేలా అల్లాను.

అత్తయ్యగారికి మాటలొద్దు, జపాన్ పటం ఇవ్వండి. వాళ్లు నమూనాని గుర్తులతో గీస్తారు. గొలుసుకి చిన్న సున్నా, పొట్టి కుట్టుకి గుణకారం గుర్తు. పొడుగు కుట్టుకి ఇంగ్లీషు టీ అక్షరం, దాని మీద అడ్డగీత ఒకటుంటే దారం ఒకసారి చుట్టాలి, రెండుంటే రెండుసార్లు. లేసు ఎలా ఉంటుందో పటం అలాగే గుండ్రంగా ఉంటుంది, మధ్యలోంచి చదువుకుంటూ రావడమే. పియరో అనే జపాన్ నూలు కంపెనీ తన సైట్లో చాలా ఉచితంగా పెట్టింది. సూది నంబర్లు మాత్రం వాళ్లవి తిరగేసి ఉంటాయి: లేసు సూదుల్లో సున్నా నంబరు 1.75 మిల్లీమీటర్లు, 14వ నంబరు అర మిల్లీమీటరు.

నిలదీత
బుధవారం, ఉదయం 7:50

గిన్నెలా లేచిందన్నారు కదా, దానికి ఉల్టా సంగతి ఒకటి నేనూ చూశాను (అవును, నేనూ చూస్తాను). కుట్లు తక్కువైతే గిన్నె, ఎక్కువైతే ముడతలు. 1997లో కార్నెల్ యూనివర్సిటీలో దైనా తైమిన్యా అనే లాత్వియా లెక్కల టీచరు కావాలనే ప్రతి కొన్ని కుట్లకీ ఒకటి పెంచుకుంటూ పోయింది. ముక్క కోడిజుట్టు పువ్వులా ముడతలు పడింది. హైపర్బోలిక్ తలం అనే, ప్రతిచోటా గుర్రం జీనులా వంగే జామెట్రీని చేత్తో పట్టుకుని చూపించే నమూనా అదేనట. కాగితంతో చేస్తే చిరిగిపోయేది, అల్లితే నిలిచింది. దాన్ని పట్టుకుని లాస్ ఏంజెలస్‌లో ఇద్దరు అక్కచెల్లెళ్లు ఏకంగా పగడపు దిబ్బ అల్లించారు.

మా అమ్మ అలా ముడతలొచ్చిన ముక్క ఇస్తే మధ్యవర్తి విసిరికొట్టాడు. అక్కడ మ్యూజియంలో పెట్టారు.

సైకిల్‌ట్యూబు
బుధవారం, ఉదయం 8:15

అన్నా, ఆ ముడతల ముక్క ఒకటి అల్లించి పంపుతవా? మా పిలగాండ్లకు చూపెడ్త. పైసలిస్త, కూలి నువ్వే చెప్పు.

నిలదీత
బుధవారం, ఉదయం 8:40

అమ్మకి కళ్లు కనబడవు సార్. మా చెల్లికి వచ్చు, అడుగుతాను.

లేసుదారం
శుక్రవారం, రాత్రి 9:22

రెండు సంగతులు.

ఒకటి, పిన్‌టరెస్ట్‌లో అద్భుతమైన నెమలి అల్లిక కనబడింది. తోక నిండా కళ్లు, ఒక్కో ఈక ఒక్కో రంగు. కింద నమూనా అమ్ముతామని ఉంది. డబ్బు కట్టబోతూ అత్తయ్యకి చూపించాను. వేలితో ఒక దారం పట్టుకుని అలా అలా పైకి పోయి, "ఇది ఎక్కడికి పోయిందే?" అన్నారు. చూస్తే ఎక్కడికీ పోలేదు. ఈక మధ్యలో దారం మాయమై పక్కన ఇంకో దారం మొదలైంది. కంప్యూటర్ గీసిన బొమ్మ అది. ఎవరూ అల్లలేదు, ఎవరూ అల్లలేరు. శారద గారూ, మీ రావెల్రీలో కూడా ఇవి వస్తున్నాయా?

రెండు, జపాన్ పటం ప్రింటు తీసి ఇచ్చాను. ఏ గుర్తు ఏమిటో ఒక్కసారి చెప్పాను, మళ్లీ అడగలేదు. కాగితం ఒళ్లో పెట్టుకుని, వరస మారినప్పుడల్లా దాన్ని స్టీరింగులా తిప్పుకుంటూ అల్లారు. మూడు రోజుల్లో పదకొండు వరసలు. ఆవిడ బళ్లో చదివింది రెండో తరగతి. "ఇది ఎవరు రాశారో గానీ అల్లిక తెలిసినవాళ్లే రాశారు" అన్నారు. ఇన్నేళ్లలో ఆవిడ నోట ఇంకొకరి పని మీద మంచి మాట వినడం ఇదే మొదలు.

అంచు మాత్రం జపాన్‌ది వదిలేసి తనది వేశారు. అడిగితే, "వాళ్ల అంచు ఉతికితే చుట్టుకుపోద్ది" అన్నారు.

డల్లాస్_శారద
శుక్రవారం, రాత్రి 11:48

వస్తున్నాయండీ, అన్నిచోట్లా వస్తున్నాయి. నేను చూసే పద్ధతి, ఆ నమూనాతో వేరే ఎవరైనా అల్లి ఫొటో పెట్టారా అని. రావెల్రీలో ప్రతి నమూనా కిందా అల్లినవాళ్ల ఫొటోలుంటాయి, వంకరగా వచ్చినవి కూడా. ఒక్కరూ అల్లలేదంటే ముట్టుకోను. మీకైతే అదీ అక్కర్లేదు, ఇంట్లోనే పరీక్షాధికారి ఉన్నారు.

పెడన_అద్దకం
శనివారం, ఉదయం 6:55

అక్కా, ఆ అంచు దగ్గరగా ఒక ఫొటో పెట్టు. అచ్చుకి పనికొచ్చేలా ఉంది. పెద్దావిడని అడిగే పెట్టు.

లేసుదారం
శనివారం, ఉదయం 10:20

అడిగాను. "పెట్టుకోమను, గుడ్డ మీద అద్దితే లేసవుద్దా" అని నవ్వారు. సాయంత్రం వెలుతురులో తీసి పెడతాను.

శారద గారూ, మీకో పని పడింది. పటంలో ఏడో వరసలో ఒకచోట గొలుసు నాలుగు ఉండాల్సింది మూడే గీశారట, మిగతా ఏడు చోట్లా నాలుగున్నాయట. అది సరిచేయమని ఆ జపాను వాళ్లకి ఉత్తరం రాయమంటున్నారు. ఇంకో పటం కూడా కావాలట, ఈసారి అచ్చు పెద్దగా.

డల్లాస్_శారద
శనివారం, ఉదయం 10:41

ఏడో వరసలో ఎన్నో రేకు దగ్గరో సున్నా చుట్టి ఫొటో పంపండి, నేను రాస్తాను.